ఈకలు రాలితే తెగులేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

మన పేపర్లలో కోడి వార్త వచ్చిందంటే అది సంక్రాంతి పందేలదో, చికెన్ రేటుదో, కాకపోతే 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చినట్టు బర్డ్ ఫ్లూదో అయి ఉంటుంది. విజయవాడలో డాబాల మీదా, పెరట్లోనూ రెండు మూడు పెట్టల్ని ముచ్చటకి పెంచుకునేవాళ్లం చాలామందిమే ఉన్నాం. దసరా వచ్చేసరికి మా అందరిదీ ఒకటే టెన్షన్: ఈకలన్నీ రాలిపోతున్నాయి, గుడ్డు మానేసింది, మూలన ముడుచుక్కూర్చుంటోంది, దీనికేమైంది?

ఎవరినడిగినా రెండే జవాబులు. "తెగులు తగిలినట్టుంది, కోసేసుకోండక్కా" అనేది ఒకటి, "ఈకలు మార్చుకుంటోంది, అదే సర్దుకుంటుంది" అనేది రెండోది. మందుల షాపాయనైతే కోడిని చూడకుండానే యాంటీబయాటిక్ పొడి చేతిలో పెట్టాడు.

రెండో జవాబు చాలావరకు నిజమే. పొద్దు తగ్గేకొద్దీ (మన దగ్గర జూన్ పగటికీ డిసెంబరు పగటికీ దాదాపు రెండు గంటల తేడా) ఏడాది దాటిన పెట్ట పాత ఈకలు వదిలేస్తుంది, తలా మెడా దగ్గర మొదలై తోకదాకా, మొత్తం రెండు మూడు నెలలు. ఈకలో ఎక్కువ భాగం ప్రొటీనే కాబట్టి తిన్నదంతా అటే పోతుంది, ఇక గుడ్డెక్కణ్ణించి పెడుతుంది! మొలుస్తున్న కొత్త ఈకల కాడల్లో రక్తం ఉంటుంది, తాకితే నొప్పి, అందుకే రోజూ ఒళ్లోకెక్కే కోడి కూడా చెయ్యి వేస్తే అరిచి పారిపోతుంది.

చిక్కల్లా ఎక్కడంటే, ఈకలే కదా అనుకుని అసలు జబ్బుని వదిలేస్తాం. మా పెట్టకి తురాయి పాలిపోయింది. ఈకలు రాల్చే రోజుల్లో అలా అవడం మామూలే, కానీ ఒంట్లో రక్తం తగ్గినా అలాగే పాలిపోతుంది, పైకి తేడా తెలియదు. రెట్ట బాగానే ఉంది, కడుపు వాపు లేదు, తెల్లారి గూట్లోంచి తీసి చూస్తే మెడ కింద మేత సంచి ఖాళీగానే ఉంది (రాత్రి తిన్నది అరగక గట్టిగా ఉంటే అది వేరే సంగతి). అయినా రొమ్ము ఎముక పదునుగా చేతికి తగులుతోంది (అంటే బాగా చిక్కిపోయిందన్నమాట), పైగా చీకటి పడితే గూట్లోకి పోనని మొండికేస్తోంది. నాకు అనుమానం పుట్టించింది ఈ మొండితనమే. రాత్రి బాగా పొద్దుపోయాక టార్చి వేసి చూద్దును కదా, అది కూర్చునే కర్ర అడుగున, చెక్క సందుల్లో, ఆవగింజలో సగం కూడా లేని పురుగులు ఎర్రగా పాకుతున్నాయి! పగలు ఒళ్లంతా వెతికితే ఒక్కటీ దొరకలేదు, ఎందుకంటే అవి పగలంతా సందుల్లో నక్కి రాత్రి వచ్చి రక్తం తాగి పోతాయి. ఇంక కోడికి మందు తాగించి ఏం లాభం? లోపలి గడ్డి అంతా తీసి తగలబెట్టి, సందుల్లో మరిగే నీళ్లు పోసి, గూడు ఎండలో పెట్టి, పశువుల డాక్టరు రాసిచ్చిన మందు కొట్టాం. వాటి గుడ్లు మిగిలుంటాయి కాబట్టి వారం తిరక్కుండా ఇంకోసారి కొట్టాం. కొందరు కుక్కల గోమార్ల మందు అంచనాగా పూసేస్తుంటారు, దయచేసి ఆ పని చేయకండి, కోడికీ ప్రమాదమే, తర్వాత దాని గుడ్డు తినేది మనమే.

మేత సంగతి చిన్నదే. ఉత్త నూకలూ తవుడుతో ఈకలు త్వరగా రావు. ఉప్పు పోయేలా కడిగి ఎండబెట్టిన చిన్న చేపల పొడో, ఉడికించిన గుడ్డో తోడు వేయాలి.

మెడ మెలితిప్పుకోవడం, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, ఆకుపచ్చ నీళ్ల రెట్ట మాత్రం ఈకల వల్ల వచ్చేవి కావు. కొక్కెర తెగులు (కోళ్ల ప్రాణం తీసే అంటువ్యాధి) కావచ్చు, ఆ కోడిని వెంటనే విడిగా పెట్టి ఆ రోజే డాక్టరుకి చూపించాలి. మనకి గన్నవరంలో వెటర్నరీ కాలేజీయే ఉంది, పశువైద్యానికి 1962 నంబరూ ఉంది.

మీ రైతు పేజీలో ఎప్పుడూ వేల కోళ్ల ఫారాల గురించే రాస్తారు, మాలాంటి వాళ్లకి పనికొచ్చేది ఒక్కటీ ఉండదు. వినాయక చవితికీ దసరాకీ మధ్య ఓ అరకాలమ్ పెరటికోళ్లకి కేటాయించి పశువుల డాక్టరు చేత రాయించండి. రాత్రిపూట టార్చి వేసి గూడు చూడమనే మాట అందులో తప్పకుండా ఉండేలా చూడండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ