మా పిల్లలకు ఒక నేరు ట్రాక్ వేయించండి: ప్రకాశం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

మాది చీమకుర్తి మండలం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, 100 మీటర్లు పరిగెత్తుతుంది.

2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.96 సెకన్లలో ముగించి స్వర్ణం గెలిచింది. ఆ వీడియో మా ఇంట్లో ఇప్పటికీ చూస్తూనే ఉంటాం. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఇదే రేసులో చైనా అమ్మాయి ఫాల్స్ స్టార్ట్ చేసిందని తీసేశారు, జ్యోతికి రజతం దక్కింది. తుపాకీ పేలాక సెకనులో పదో వంతు కూడా గడవకముందే కదిలితే ఫాల్స్ స్టార్టే. ఆ స్థాయి పోటీల్లో, పరుగు మొదలుపెట్టేటప్పుడు పాదాలు ఆనించే స్టార్టింగ్ బ్లాకుల్లోని యంత్రం దాన్ని పట్టేస్తుంది.

మా పిల్లలు స్టార్టింగ్ బ్లాకుల మీద కాలు పెట్టి ఎరుగరు. సున్నంతో గీతలు గీసిన మట్టి మీద, గులకరాళ్ల మధ్య నిలబడి పరిగెడతారు. వాన పడితే అదీ లేదు. ఇక పెద్ద పోటీకి వెళ్తే టెన్షన్ కాక ఏముంటుంది?

400 మీటర్ల స్టేడియం అడగడం లేదండీ. 100 మీటర్ల నేరు సింథటిక్ ట్రాక్, గీత దాటాక ఆగడానికి కాస్త చోటు, ఆరు లేన్లు, బ్లాకులు, ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి ఒక గది చాలు. మా గెలాక్సీ గ్రానైట్ దేశదేశాలకు పోతోంది. గనుల ప్రాంతాల కోసం ఉన్న జిల్లా ఖనిజ నిధి నుంచి దీనికి డబ్బు ఇవ్వగలరేమో దయచేసి పరిశీలించండి. వచ్చే విద్యా సంవత్సరం లోపు పని మొదలుపెట్టించమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
చీమకుర్తి మండలం నుంచి ఒక తల్లి