చూసేది పడవ, బోనెక్కేది నావికుడు

సంపాదకుడు గారికి,

యూరప్‌లోని బాల్టిక్ సముద్రంలో అడుగున ఉన్న కేబుళ్లకి మనుషుల్లేని పడవల కాపలా గురించి ఈమధ్య వార్తలు వస్తున్నాయి. వ్యాపార నౌకల్లో ఏళ్ల తరబడి వాచ్ (కాపలా డ్యూటీ) చేసిన వాడిగా ఒక మాట చెప్పాలనిపించింది.

2024 డిసెంబరు 25న ఈగిల్ ఎస్ అనే ఆయిల్ ట్యాంకర్ ఫిన్లాండ్ దగ్గర సుమారు 90 కిలోమీటర్లు లంగరు ఈడ్చుకుంటూ పోయింది. ఎస్టోనియాకు వెళ్లే ఎస్ట్‌లింక్-2 కరెంటు కేబులు, మరో నాలుగు టెలికాం కేబుళ్లు దెబ్బతిన్నాయి. మూడు వారాల్లోనే నాటో ‘బాల్టిక్ సెంట్రీ’ పేరుతో గస్తీ మొదలుపెట్టింది. 2025 జూన్‌లో డెన్మార్క్ సెయిల్‌డ్రోన్ అనే మనుషుల్లేని పడవల్ని నీళ్లలోకి దించింది. పది మీటర్ల పొడవు, పైన తెరచాప. ఓడలు తమ పేరు, చోటు చెప్పే ఏఐఎస్ సిగ్నల్‌ని రాడార్‌తో, కెమెరాతో పోల్చి, సిగ్నల్ ఆపేసి తిరిగే ఓడల్ని సాఫ్ట్‌వేర్ పసిగడుతుంది. రాత్రి రెండు గంటలకి కళ్లు నులుముకుంటూ మేం చేసిన పని ఇదే. దానికి నిద్ర రాదు, టీ అడగదు. మెచ్చుకోవలసిందే.

అయితే ఈగిల్ ఎస్ దొరకని ఓడ కాదు. ఫిన్లాండ్ వాళ్లు ఎక్కి పట్టుకున్నారు, సముద్రం అడుగున లంగరూ దొరికింది. అయినా 2025 అక్టోబరులో హెల్సింకి కోర్టు కేసు కొట్టేసింది. ఘటన తమ ప్రాదేశిక జలాల బయట జరిగింది కాబట్టి విచారించే హక్కు ఓడ జెండా దేశానిదో (ఓడ రిజిస్టరైన దేశం), నిందితుల సొంత దేశాలదో అంది. జెండా ఎక్కడో పసిఫిక్‌లోని కుక్ దీవులది. నిందితులు ముగ్గురూ ఓడ ఆఫీసర్లే, అందులో ఒకరు భారతీయుడు. ఓడ యజమాని మాత్రం బోనులో లేడు.

లంగరు జారిందా, జారవిడిచారా అన్నది ఏ కెమెరాకీ కనబడదు. యూరప్ పడవలు కొంటున్నంత జోరుగా ఎవరు విచారించాలన్న ఈ చట్టం సంగతి పట్టించుకోవడం లేదు.

ఏజెంటుకి లక్షలు పోసి, దొరికిన ఓడ ఎక్కేస్తున్న కుర్రాళ్లు మన శ్రీకాకుళం, విశాఖల్లో ఉన్నారు. యజమాని ఎవరో తెలియని పాత ట్యాంకర్ల గురించి డీజీ షిప్పింగ్ (నౌకా రవాణా చూసే కేంద్ర ప్రభుత్వ శాఖ) ఆ కుర్రాళ్లకి తెలుగులో హెచ్చరికలు ఇవ్వాలి. ఇలాంటి కేసుల్లో గస్తీ పడవల రికార్డులు నావికుల లాయర్లకూ అందాలని మన ప్రభుత్వం యూరప్‌ని అడగాలి.

– ఒక రిటైర్డ్ నావికుడు, విశాఖపట్నం