ఆచారానికి చోటివ్వని ఇళ్లు
ఆస్ట్రేలియాలో ఆదివాసుల కోసం కట్టే ప్రభుత్వ గృహాలు చాలావరకు వారి ఆచారాలకు చోటివ్వని నగరపు నమూనాలుగానే ఉండటం ఆక్షేపణీయం. అత్తా అల్లుళ్లు ఎదురుపడరాదని (మన పాతకాలపు ఇళ్లలోనూ ఈ మరుగు ఉండేది), చావు జరిగిన ఇంటికి ఆకుల పొగ వేసి కొంతకాలం విడిచి వెళ్లాలని నియమమున్న సమాజాలకు ఒకే వాకిలి, ఇరుకు నడవా ఉన్న ఇల్లు ఎలా సరిపోతుంది? ఇందుకు భిన్నంగా, మధ్య ఆస్ట్రేలియాలోని పవిత్ర శిల ఉలూరు వద్ద 1995లో తెరిచిన సాంస్కృతిక కేంద్రంలో, అక్కడి ఆదివాసులైన అనంగుల పెద్దలు చెప్పే కునియ (కొండచిలువ), లిరు (విషసర్పం) గాథను అనుసరించి వాస్తుశిల్పి గ్రెగరీ బర్జెస్ మట్టి ఇటుకలతో వంపులు తిరిగిన గోడలు కట్టించారు. లోపల ఫొటోలు నిషిద్ధం కావడంతో నా కెమెరా సంచిలోనే ఉండిపోయింది, అదే సబబు. గృహ పథకాల్లోనూ నమూనా ఖరారు కాకముందే స్థానిక పెద్దలతో చర్చించడాన్ని, రెండో వాకిలిని, ఆరుబయట పొయ్యికి నీడను, చావు తరువాత తాత్కాలికంగా వేరే ఇల్లు కేటాయించడాన్ని ఒప్పందంలో షరతులుగా చేర్చాలి.
– ఒక పాఠకుడు, అడిలైడ్