మా మడి నాటిపెట్టిన మేస్త్రమ్మగారికి

రాత్రి పదకొండు దాటింది. నడుం మంచానికి ఆనడం లేదు, గోళ్ళలో బురద ఎంత కడిగినా పోవడం లేదు. రేపు తీరిగ్గా రాద్దామంటే, రేపటికి ఇదంతా రిపోర్టు భాషలోకి మారిపోతుందని భయం. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

మేము బీఎస్సీ అగ్రికల్చర్ ఫైనలియర్ అమ్మాయిలం. రావెప్ కోసం, అంటే ఊళ్ళో ఉండి వ్యవసాయప్పని నేర్చుకునే చదువు కోసం, కోనసీమలో, ఉప్పలగుప్తం మండలంలో ఒక ఊళ్ళో ఉంటున్నాం. 2015లో కేంద్రం మొదలుపెట్టిన స్టూడెంట్ రెడీ అనే కార్యక్రమం కిందే ఇదీ వస్తుంది. ఊళ్ళో ఉండాలి, ఒక్కొక్కరం ఒక్కో రైతు వెంట తిరిగి పని నేర్చుకోవాలి. మాకిచ్చిన డైరీలో నాయకత్వం, జట్టుగా పనిచేయడం, పని నైపుణ్యం అని మూడు గళ్ళుంటాయి. వారం వారం నింపాలి. ఇన్నాళ్ళూ ‘గ్రూపు సభ్యులను సమన్వయం చేశాను’ లాంటి వాక్యాలేవో రాసి నింపేసేదాన్ని. రోల్ నంబరు ముందుందని నన్నే లీడర్ని చేశారు లెండి.

నిన్న మా ప్రదర్శన మడిలో ఊడ్పులు. అరెకరం పొలం, మడి ఇచ్చింది ఒక కౌలు రైతుగారు. రకం స్వర్ణ, అంటే ఎంటీయూ 7029. మారుటేరు పరిశోధనా స్థానం 1982లో ఇచ్చిన రకం, ఇప్పటికీ ఇక్కడివాళ్ళు దాన్ని వదలరు. కానీ దానికి దోమపోటు, అంటే మొదళ్ళ దగ్గర రసం పీల్చే సుడిదోమ దెబ్బ, తట్టుకునే శక్తి లేదు. అందుకని ప్రతి రెండు మీటర్లకీ 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలి నాటి చూపించాలన్నది మా పని. గాలీ వెలుతురూ మొదళ్ళ దాకా వెళితే దోమ ఉధృతి తగ్గుతుంది, మందు కొట్టడానికీ దారి ఉంటుంది. పుస్తకంలో అరపేజీ పాఠం. తాడు మీద గుర్తులు పెట్టుకుని, బొమ్మ గీసుకుని, తయారుగా ఉన్నాం.

వాన మాత్రం ఆగలేదు. ఊరంతా నారు ముదిరిపోతోందని అందరూ ఒకేసారి ఊడ్పులకు దిగారు. మేము మాట్లాడుకున్న కూలీల ముఠా పెద్ద కమతానికి వెళ్ళిపోయింది. వాళ్ళననడానికేమీ లేదు, ఇలాంటి రోజులు వాళ్ళకు ఏడాదికి ఎన్నొస్తాయి? శాస్త్రవేత్తలు మర్నాడే చూడ్డానికొస్తారు, వాయిదా కుదరదన్నారు. సరే, మేమే దిగాం. మాది అనంతపురం వైపు, వేరుశెనగ చేలు. మడిలో నిలబడటమే నాకు కొత్త. మధ్యాహ్నానికి ఒక మూల అయింది. అది కూడా నిలవలేదు. పిక్కల దాకా నీళ్ళు, నాటిన మొక్క నాటినట్టే పైకి తేలిపోతోంది. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి గట్టు మీద కూర్చుని ఏడుపు మొదలెట్టింది. ఇంకో ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు.

అప్పుడే పక్క చేను ముగించుకుని ఒక ముఠా గట్టు మీద ఇంటికి వెళ్తోంది. చేతుల్లో క్యారియర్లు, నెత్తిన ప్లాస్టిక్ పట్టాలు. వాళ్ళది ఈ ఊరు కాదు. ముందు నడుస్తున్నావిడ, ఆ ముఠాని నడిపించే మేస్త్రమ్మగారు, ఆగి మమ్మల్ని చూసింది.

“ఏటండీ అమ్మాయిగారూ, ఇన్ని నీళ్ళల్లో ఊడుస్తున్నారేటి? నిలబడద్దా మొక్క?”

నేను గడగడా చెప్పేశాను. రేపు సార్లొస్తారు, కూలీలు రాలేదు, కాలిబాటలు వదలాలి. ఆవిడ మొత్తం విని వెనక్కి తిరిగి, “పిల్లలు నీళ్ళల్లో నానిపోతన్నారే, దిగండి” అంది. అంతే. పొద్దుటినుంచీ వంగి వంగి ఉన్న ఆడవాళ్ళు మళ్ళీ చీరలు ఎగదోపుకున్నారు. గొణిగినవాళ్ళు లేకపోలేదు. ఒకావిడ గట్టిగానే గొణిగింది. గొణుగుతూనే అందరికంటే ముందు దిగింది.

మేస్త్రమ్మగారు నారు ముట్టుకోలేదు ముందు. కింద చేను రైతుని కేకేసి అడిగి, ఒప్పించి, గట్టుకి చిన్న గండి కొట్టించింది. నీళ్ళు పల్చబడేదాకా అందర్నీ నిలబెట్టింది. ఆ కాసేపట్లో నన్ను పిలిచి, “ఆ దారులెందుకండీ?” అని అడిగింది. దోమ గురించి చెప్పాను. ఒక్క క్షణం ఆలోచించి, “అయితే మీ తాడే వెయ్యండి, ముందు నారుకట్టలు ఆ దారుల్లో పడేసుకుంటాం, చేతికందుతాయి” అంది. ఎన్నో ఏళ్ళుగా తనకు అలవాటైన పనిని, నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల చెప్పిన పద్ధతికి మార్చుకుంది. పైగా ఆ పద్ధతికి మా పుస్తకంలో లేని ఉపయోగం ఒకటి తనే కనిపెట్టింది.

తరవాత వరస. చేతివేగం ఉన్నవాళ్ళని రెండు చివర్లా పెట్టింది, మమ్మల్ని మధ్యలో ఇరికించింది. అటూ ఇటూ వాళ్ళు సాగిపోతుంటే మధ్యలో వాళ్ళం ఆగలేం, వెనకబడితే పక్కావిడ చెయ్యి మా వైపుకొచ్చి రెండు కుదుళ్ళు నాటి వెళ్ళేది. తను మాత్రం మోకాలి లోతు దిగబడే మూలలో నిలబడింది. ఎవరూ కోరుకోని మూల అది. రెండు మూడు మొక్కలే పెట్టమనీ, లోతుగా గుచ్చొద్దనీ మాకు క్లాసులో చెప్పారు. ఎంత లోతో వేలికి తెలిసింది నిన్ననే.

వాళ్ళలో ఒక ముసలావిడ వంగలేదు. కట్టలు అందించడమే ఆవిడ పని. గుత్త డబ్బులో ఆవిడకీ సమాన వాటానట. నేను ఊరుకోలేక ఎందుకని అడిగాను. “రేపు నాకూ నడుం లెగకపోతే?” అంది మేస్త్రమ్మగారు, వంగినచోటు నుంచి తలెత్తకుండానే. డైరీలో నాయకత్వం గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఈ మాట దాంట్లో పట్టేది కాదు.

చీకటి పడేటప్పటికి మడి అయిపోయింది. కూలికని దాచిన కవరు చేతిలో పెట్టబోయాను. తీసుకోలేదు. “ఆటోకిప్పించండి చాలు, ఈళ్ళు నడవలేరు” అంది. ఆటో కోసం నిలబడ్డప్పుడు సెల్లు లైటు నా కాళ్ళ మీద పడింది. వేళ్ళ సందులు నాని పుళ్ళు పడ్డాయి. నేనే చూసుకోలేదు. ఆవిడ రోడ్డు మీద కూలబడి నా పాదం తన ఒళ్ళో పెట్టుకుని, కొంగున కట్టుకున్న చిన్న సీసాలోంచి ఆముదం పసుపు కలిపింది తీసి ఒక్కో వేలి సందునా రాసింది. వద్దండీ అంటుంటే “ఊరుకోండి” అంది. “రెండ్రోజులు దిగకండి మడిలోకి. దిగితే నడవలేరు.” ఆవిడ పాదాలు కూడా చూశాను. నావాటికన్నా ఘోరంగా ఉన్నాయి. అక్కడే ఏడ్చేశాను, అందరి ముందూ. ఆవిడ నవ్వి ఆటో ఎక్కేసింది.

పేరడగలేదు. అందరూ మేస్త్రీ, మేస్త్రీ అంటుంటే అదే పేరనుకున్నాను.

ఇవాళ సార్లు వచ్చారు, వరసలు బాగున్నాయన్నారు, ఫోటోలు తీసుకున్నారు. ఎవరు నాటారని ఫారంలో గడి లేదు. ఉన్న గడి కూలీల ఖర్చు, దానికి సంతకాలతో మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, జత చెయ్యాలట. డబ్బు పుచ్చుకోని మనిషి సంతకం ఎక్కడ పెడుతుంది? పొద్దున్నే, మధ్యాహ్నం, సాయంత్రం టైమూ లొకేషనూ పడేలా ఫోటోలు పంపకపోతే హాజరు పడదు. సిగ్నల్ కోసం ఏటిగట్టు ఎక్కిన టైములో ఒక సెంటు నాటేదాన్ని. స్టైపెండ్ ఇంకా పడలేదు. తాడూ, ఆటోలూ, మెస్సూ అన్నీ మా జేబుల్లోంచే. ఎవరినీ వేలెత్తి చూపను. చదివేవాళ్ళకి తెలుస్తుంది.

ఇంకో మాట కూడా. మా వైపు నీళ్ళు రావాలని మొక్కుతారు, ఇక్కడ నీళ్ళు పోవాలని మొక్కుతున్నారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీళ్ళు ఈ చివరి దాకా వచ్చాయి, మురుగు మాత్రం పోవడం లేదు. డ్రెయిన్ల నిండా గుర్రపుడెక్క, పూడిక. 2011లో కోనసీమ రైతులు సార్వా (వానాకాలం పంట) వేయం, క్రాప్ హాలిడే అన్నారంటే ధరా కూలీలతో పాటు ఈ మురుగు బాధ కూడా ఒక కారణమే. మడిలో నిలబడ్డాక అది వార్తలా అనిపించలేదు. మా కౌలు రైతుగారు మాత్రం పొలం యజమాని సంతకం కోసం, కౌలు కార్డు కోసం తిరుగుతూనే ఉన్నారు.

అమ్మా, నాన్నా, మీకు విడిగా చెప్పేదేముంది. అన్నయ్యా, నువ్వు పంపిన డబ్బులు అందాయి. మా బ్యాచ్ అమ్మాయిలూ, మాట్లాడుకోవడం మానేసిన ఇద్దరూ ఇప్పుడు ఒకే దుప్పటిలో పడుకున్నారు, నాకు కప్పుకోడానికి లేదు.

అయ్యో, మరిచేపోయాను. కింద చేను రైతుగారు గండికి ఒప్పుకోకపోతే ఏమీ జరిగేది కాదు, ఆయనకి నమస్కారాలు. రాత్రి తూము దగ్గర అడ్డుపడ్డ గుర్రపుడెక్క లాగేసిన, కాలవలు చూసుకునే లస్కరు బాబాయికి కూడా. వేన్నీళ్ళు కాచిచ్చిన ఎదురింటి పిన్నిగారికి, టేపు పట్టుకుని వానలో నిలబడ్డ వాళ్ళబ్బాయికి. ఆటో అతను కూడా సగం డబ్బులే తీసుకున్నాడని ఇప్పుడే మావాళ్ళు చెబుతున్నారు.

ఇది చదివేవాళ్ళలో ఆ ముఠా ఏ ఊరిదో తెలిసినవాళ్ళుంటే చెప్పండి. గొణిగిన ఆవిడ స్టీలు క్యారియరు మా దగ్గరే ఉండిపోయింది, మూతకి ఎర్రదారం కట్టి ఉంది. ఆదివారం తెచ్చి ఇస్తాం.