సీసా మూత కూడా చూడండి

సంపాదకులకు నమస్కారం.

తొలకరికి టిష్యూకల్చర్ (ల్యాబ్‌లో చిన్న ముక్క నుంచి సీసాల్లో పెంచే) టేకు, వెదురు మొక్కలు బుక్ చేసుకునే కాలమిది. నర్సరీలో మొక్కలు వాడిపోతే ఎండ ఎక్కువైందనో, నీళ్లు చాలలేదనో అంటారు. చాలాసార్లు తప్పు అంతకు ముందే, ల్యాబ్‌లో సీసా మూత దగ్గర జరిగిపోయి ఉంటుంది.

మూత బిగించి, పైన క్లింగ్ ఫిల్మ్ చుట్టిన సీసాలో గాలి తేమ 95 శాతం పైనే. ఆ తేమలో పెరిగిన ఆకుకు మైనపు పొర సరిగా పట్టదు, పత్రరంధ్రాలకు మూసుకోవడం అలవాటు కాదు. ఒక ఆకు తెంపి బల్ల మీద పెట్టి చూడండి. పావుగంటకే తోటకూరలా వడలిపోతే ఆ బ్యాచ్ బయటి గాలికి సిద్ధంగా లేనట్టే. టేకులో ఇంకో గుర్తు ఉంది: ఆకు దళసరిగా, గాజులా మెరుస్తూ, వేళ్ల మధ్య నొక్కితే పుటుక్కున విరుగుతుంది. ఇలా గాజుబారిన పిలకలకు వేర్లు రావడమూ కష్టమే.

కార్బన్ డయాక్సైడ్ సంగతీ అంతే. బయట అది సుమారు 420 పీపీఎం (పది లక్షల పాళ్లలో 420 పాళ్లు). మూసిన సీసాలో రాత్రికి వేలల్లోకి పెరిగి, లైట్లు వేసిన రెండు మూడు గంటల్లో 100 దరిదాపులకు పడిపోతుంది. ఇక రోజంతా వెలుగున్నా మొక్కకు దిక్కు మనం లీటరు మీడియంలో (సీసా అడుగున పోసే పోషకాల జెల్లీలో) 30 గ్రాములు వేసిన పంచదారే. పైగా కాయల్ని మగ్గబెట్టే ఎథిలీన్ లోపలే పోగుపడి ఆకులు పసుపుబారి రాలతాయి. గాలి ఆడే డబ్బాల్లో పంచదార లేకుండానే మొక్కలు పెంచవచ్చని జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో టొయోకి కొజాయ్ బృందం ఏనాడో చూపింది.

అలాగని మూత వదులు చేస్తే బూజు, నల్లి దూరతాయి. మూతకు 10 మి.మీ. రంధ్రం చేసి, ఆటోక్లేవ్ (ఆవిరితో సూక్ష్మజీవులను చంపే యంత్రం) వేడికి తట్టుకునే 0.2 మైక్రాన్ ఫిల్టర్ బిళ్ల అతికించాలి. పాతకాలపు దూది బిరడా ఈ పనే కొంతవరకు చేసేది! కనీసం వేర్లు పట్టే చివరి మూడు వారాలైనా ఈ మూతలు వాడాలి. గాలి ఆడితే మీడియం ఎండి లవణాలు చిక్కబడతాయి కాబట్టి సీసాకు 40 మి.లీ. పోసేచోట 50 పోయాలి. మీడియం గడ్డకట్టడానికి వేసే అగర్ లీటరుకు 6 గ్రాముల నుంచి 8కి పెంచితే గాజుబారడం తగ్గుతుంది గానీ ఎదుగుదల కూడా మందగిస్తుంది. మూతకు అది బదులు కాదు.

ర్యాకు కింద ట్యూబ్‌లైట్ చోకులుంటే పై అరలోని సీసాల అడుగు వేడెక్కి, ఆవిరి పైకి లేచి మూతకు, గోడలకు నీటిబొట్లుగా పడుతుంది. చోకులు గది బయటికి మార్చాలి, లేదా ఎల్‌ఈడీలు వేయాలి.

కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2006లో తెచ్చిన ధ్రువీకరణలో వైరస్, జన్యు పరీక్షలున్నాయి. అవి తప్పనిసరిగా ఉండాల్సినవే. కానీ మొక్క బయటి గాలికి తట్టుకుంటుందా అన్నది ఆ పరీక్షలు చెప్పవు. దానికీ ఒక కొలత పెట్టాలని అధికారులను కోరుతున్నాం. ఈలోగా రైతులు ఒక్కటి గమనించాలి: సీసాలో పుట్టిన ఆకులు బయట ఎక్కువ రోజులు పనిచేయవు. బయటికొచ్చాక వేసిన కొత్త ఆకులు కనీసం రెండు జతలు కనిపించేదాకా మొక్క తీసుకోవద్దు.

– టిష్యూకల్చర్ ల్యాబ్ సాంకేతిక సిబ్బంది, రాజమహేంద్రవరం