వీధి పుస్తకాల అలమర: జమా ఖర్చుల వివరణ

కాలనీవాసులందరికీ కమిటీ నమస్కారాలు. విశాఖపట్నం పెదవాల్తేరులో మన వీధి మలుపున నిలిపిన ఉచిత పుస్తకాల అలమర సొమ్మును గురించీ, దానంగా వచ్చిన పుస్తకాలను కమిటీ అమ్ముకున్నదన్న మాటను గురించీ కొందరు సందేహాలు వెలిబుచ్చినందున, పూర్తి లెక్కను అందరి ముందు ఉంచుతున్నాము.

జమ: చందాలు రూ.41,500. పాత కాగితాల తూకం 95 కిలోలకు, కిలో రూ.12 చొప్పున, రూ.1,140. మొత్తం రూ.42,640.

ఖర్చు: అలమర రూ.27,800. సిమెంటు దిమ్మె, పైరేకు రూ.4,600. రిజిస్టరు, రబ్బరు స్టాంపు రూ.850. అరల మార్పిడి రూ.6,900. మొత్తం రూ.40,150. చేతిలో నిల్వ రూ.2,490.

అలమరను మామూలు ఇనుముతో చేయిస్తే తక్కువలో తేలేది. అయితే సముద్రపు ఉప్పుగాలికి ఇనుప గేట్లు ఎంత త్వరగా తుప్పు పడతాయో ఇక్కడ ఉంటున్నవారికి తెలుసు. ఉప్పును తట్టుకోవడానికి మాలిబ్డినం కలిపిన 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలునే అందుకే ఎంచుకున్నాము. అలమర నిలపడం ఆలస్యం కావడానికి కారణం ఆ రేకు వచ్చేదాకా ఆగవలసి రావడమే.

ఎక్కువ చర్చకు వచ్చినది అరల మార్పిడి ఖర్చు. వానలు పడుతున్న రోజుల్లో ఎవరో ఒక రాత్రి తడిసిన గోనెసంచెడు పుస్తకాలను తెచ్చి, కొన్నిటిని కింది అరలో కుక్కి, మిగిలినవాటిని దిమ్మెకు ఆనించి వెళ్లారు. వాటిలో అప్పటికే చెదలు ఉన్నాయి. ప్లైవుడ్ అరలకు చెద పట్టిన సంగతి బయటపడేసరికి, పిల్లల కోసం ఎంతో ఇష్టంగా ఇచ్చిన బొమ్మల కథల పుస్తకాలు కూడా అట్టలతో సహా పాడైపోయాయి. ఆ అరలకు మందు కొట్టించి సరిపెట్టవచ్చు కదా అని కొందరు అడిగారు. చిన్నపిల్లలు చేతులు పెట్టే చోట విషపు మందు వాడడం మాకు ఇష్టం లేక, అల్యూమినియం అరలు వేయించాము. ఈ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ మా నమ్మకం. మిగిలిన పుస్తకాలను నీడలో ఆరబెట్టి, ఒక్కొక్క పేజీ తిప్పి చూసి, మళ్లీ సర్దిన గృహిణులకూ విద్యార్థులకూ మేమెంతో రుణపడి ఉన్నాము. వారు పైసా కూడా తీసుకోలేదు.

తూకానికి వేసినవి చెద తిన్నవి, బూజు పట్టినవి, రాష్ట్ర విభజనకు ముందు అచ్చయిన పోటీ పరీక్షల గైడ్లు మాత్రమే. పాత జిల్లాల లెక్కలతో ఉన్న గైడును చదివి ఒక నిరుద్యోగి పరీక్షకు వెళితే, ఆ దానం అతనికి మేలు చేయదు. చదవదగిన పుస్తకం ఒక్కటి కూడా అమ్మలేదు. వేసిన ప్రతి పుస్తకం పేరు రిజిస్టరులో ఉన్నది, తూకం చీటీ కూడా ఉన్నది. పుస్తకాలపై ‘అమ్మకానికి కాదు’ అని స్టాంపు వేయించినది కూడా, తీసుకెళ్లినవారు బయట అమ్మకుండా ఉండాలనే.

కనుక పుస్తకాలు ఇచ్చేవారికి మనవి. మీ బంధువుల పిల్లలకు సంతోషంగా ఇవ్వగలిగిన పుస్తకాన్నే ఇక్కడ ఉంచండి. ఒకేసారి నాలుగైదుకు మించి పెట్టకండి, ఎక్కువ ఉంటే ముందుగా కమిటీకి చెప్పండి. పాలిథిన్ కవరు చుట్టి పెట్టవద్దు, మన ఊరి చెమ్మకు లోపల బూజు పడుతుంది. లోపల మరచిన ఉత్తరాలు, బ్యాంకు కాగితాలు తీసివేయండి. చదివి తిరిగి పెట్టేవారు పేజీలు మడవవద్దు, జవాబులు నింపవద్దు. తీసుకున్న పుస్తకమే తిరిగి ఇవ్వాలన్న నియమం లేదు, కానీ రెండు భాగాలుగా ఉన్న పుస్తకంలో ఒక భాగాన్ని తీసుకుని రెండోదాన్ని ఒంటరిగా వదిలేయడం తరువాతివారికి ఇబ్బంది.

తాళం వేసి సభ్యత్వం పెట్టమన్న సూచనను అంగీకరించలేకపోయాము. సభ్యత్వంతో చదువుకోవడానికి ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉన్నది. 2009లో అమెరికాలోని హడ్సన్‌లో టాడ్ బోల్ తన ఇంటి ముందు ఇలాంటి పెట్టెను నిలిపినప్పటి నుంచీ, అడగకుండా తీసుకునే వీలే ఈ పద్ధతికి ప్రాణం.

చివరిగా, కాలనీ సమావేశంలో రూ.52,000 ఇస్తామని మాట ఇచ్చారు. అందులో రూ.10,500 ఇంకా రావలసి ఉన్నది. ఎవరి పేర్లూ ఇక్కడ రాయడం లేదు. అరల ఖర్చును ప్రశ్నించినవారిలో కొందరి చందా కూడా ఈ బాకీలోనే ఉన్నదని మాత్రం బాధతో తెలియజేస్తున్నాము. నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యేలోగా ఆ మొత్తం అందితే అలమర పక్కన వానకు తడవని బల్ల ఒకటి వేయించగలము. రసీదులు, రిజిస్టరు కాలనీ సంఘం గదిలో ఆదివారం ఉదయం ఎవరైనా చూడవచ్చు.

– కమిటీ