బడి గాలిని బడిలోనే కొలిపించండి

గౌరవనీయులైన కాలుష్య నియంత్రణ అధికారి గారికి,

పరిశ్రమల పక్కనున్న బడుల గురించి మేమిచ్చిన వినతిపత్రాలకు జవాబు రాలేదు. అందుకే అందరి ఎదుటా రాస్తున్నాం.

మీ నివేదికల్లో ఉండేది గాలి కాలుష్యపు 24 గంటల సగటు. అసలు చిక్కు అక్కడే. గాలి కదలని రాత్రుల్లో పొగ నేలకు దగ్గరగా పేరుకుని, ఎండెక్కేదాకా చెదరదు. పిల్లలు ప్రార్థనకు వరుసల్లో నిలబడేది సరిగ్గా ఆ వేళే. మధ్యాహ్నపు తేటగాలి ఆ ఉదయాన్ని సగటులో దాచేస్తుంది. సాయంత్రం తుడిచిన బెంచీ మీద పొద్దునకల్లా పేరుకున్న ధూళిలో మళ్లీ వేలిముద్ర పడుతోంది. కంటికి కనబడని పిఎం 2.5 (2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న కణాల) ధూళి ఊపిరితిత్తుల లోతుకు చేరి ఉబ్బసాన్ని రేపుతుంది.

బడి ఆవరణలోనే, నేలకు మీటరున్నర ఎత్తున, చెట్లకూ గోడలకూ ఎడంగా గాలిని కొలిచే పరికరం పెట్టించండి. గంటగంట రీడింగు గేటు దగ్గర కనబడాలి. బడివేళల్లో పరిశ్రమలు తమ బాయిలర్ల మసి దులపడాన్ని నిషేధిస్తూ 30 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
విద్యార్థుల తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు